లువాని మొక్క ఎవరి గుర్తు

మా ఇంటి గోడ మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేసింది నేను కాదు. ఆ రోజు నేను బుసేగా చివర కొలతల్లో ఉన్నాను. మా పేట కిగండోలో ఈ మాట ఎవరూ నమ్మలేదు. ఒంటి మీద రోడ్డు కంపెనీ వాళ్ళ మెరుపు పట్టీల కోటు ఉన్నాక ఎక్కడున్నా ఒకటే.

"కంచే చేను మేయడమంటే ఇదే," అన్నాడు చెయిర్మన్ సెబ్యాలా, నాకు వినబడేట్టుగానే. ఆయన మా పేటకి పెద్ద. ఏ కాగితం మీదైనా ఆయన ముద్ర పడాలి. "చదివించింది మన పేట. ఇప్పుడు మన పేటనే గీతలు గీసి కోస్తోంది."

చదివించింది పేట కాదు, అమ్మ. చాపలు అల్లి చదివించింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. ఆ మాట ఆయనతో అనలేదు. పెద్దవాడు గనక మోకాళ్ళ మీద కూర్చుని పలకరించి లేచాను. నా బూట్ల ముందు భాగంలో ఇనుము ఉంటుంది, వాటితో మోకాళ్ళ మీద కూర్చోవడం కష్టం. నేను తడబడితే ఆయన మొహం తిప్పుకున్నాడు. అది కూడా నటనే అనుకుని ఉంటాడు.

కంపాలా మధ్యలో లారీలు గంటలకొద్దీ ఇరుక్కుని పొగ కక్కుతున్నాయని పదమూడేళ్ళ కింద మా పేట పక్కనించి బైపాస్ వేశారు. అటొక వరస, ఇటొక వరస. తెరిచిన మూడేళ్ళకి అదీ ఊరి మధ్యలాగే తయారైంది. ఇప్పుడు దాన్ని నాలుగు వరసలు చేస్తున్నారు. మా వైపు ఇరవై అడుగులు వెనక్కి జరగాలి. అందులో మా ఇల్లు మొత్తం పోతుంది.

ఇల్లు పోవడం గురించి అమ్మ పెద్దగా బాధపడలేదు. ఇటుకలు మళ్ళీ పేర్చుకోవచ్చు. కంపెనీ నియమం ఇంకోటి ఉంది. రోడ్డుకి పోగా మిగిలిన నేల ఇల్లు కట్టుకునేంత ఉంటే మనిషిని ఉండనిస్తారు. అంత లేకపోతే మిగిలిన ముక్క కూడా తీసేసుకుని, పరిహారం ఇచ్చి పంపేస్తారు. మా వెనకంతా జమ్ము పెరిగిన చిత్తడి. పొడినేల ఉన్నది ఒకే ఒక మూల, పక్కింటి సాలొంగో వైపు. ఆ మూల మాదైతే అమ్మ ఉంటుంది. కాకపోతే మసాకా దగ్గర తన తమ్ముడి ఇంటికి పోవాలి. ఆ తమ్ముడి భార్యకీ అమ్మకీ మాటల్లేవు.

"పోతే పోతాను," అనేది అమ్మ. "కానీ అక్కడ నా చాపలు ఎవరు కొంటారే, కప్పలా?"

సాలొంగో అంటే ఆయన పేరు కాదు, కవలల తండ్రి అని. మాలో కవలలు పుట్టాక తండ్రిని ఇక ఎవరూ అసలు పేరుతో పిలవరు. ఆయన అసలు పేరేమిటో నాకూ తెలియదు, చివరికి కాగితం మీద చూశాను. ఆయన కూతురు నకాటో నా ఈడుది. రోడ్డు పక్కన పెనం పెట్టి, గుడ్డట్టుని చపాతీలో చుట్టి అమ్ముతుంది. బోడాలని అద్దె మోటారు సైకిళ్ళు నడిపేవాళ్ళంతా అక్కడే తింటారు.

మాలో నేలకి హద్దు రాళ్ళు పాతరు, లువాని నాటుతారు. సన్నటి కాండం, నెత్తిన పొడుగాటి ఆకుల కుచ్చు. కొమ్మ విరిచి గుచ్చితే చాలు, బతుకుతుంది. ఎండకి చావదు, మేక ముట్టదు. కాగితాలు పోయినా లువాని ఉంటుంది. మా వంశం వాళ్ళని పూడ్చే చోట నాన్న తల దగ్గర కూడా ఒకటుంది, నేనే నాటాను.

మా స్థలానికీ సాలొంగో స్థలానికీ మధ్య వెనక చిత్తడి దగ్గరి లువాని మీద ఎవరికీ గొడవ లేదు. ముందువైపు గుర్తు మొదటి రోడ్డు వేసినప్పుడే పోయింది. ఇప్పుడు ముందువైపు నిలబడి ఉన్నది ఒక్కటే మొక్క. అది నాకు తెలిసిన హద్దుకి ఆరడుగులు మా లోపల ఉంది. హద్దు దాని మీదుగా గీస్తే ఆ పొడి మూల మొత్తం సాలొంగోది అవుతుంది.

కొలతలకి మా పెద్ద సర్వేయరు ఒచెన్ వచ్చాడు. ఉత్తరాది మనిషి, తాటిమానంత పొడుగు. నా ఇంటి దగ్గర పరికరం నేను పట్టకూడదని నేనే ముందు చెప్పాను. "మంచిది. నువ్వు రాయి, నేను చూస్తా," అన్నాడు. మధ్యలో ఆయనకి ఫోను వచ్చింది. "అన్నయ్య ఒపియో. పది నిమిషాలు పెద్ద, పదేళ్ళు పెద్దయినట్టు తిడతాడు," అని నవ్వి పెట్టేశాడు.

సాలొంగో అరటి మొక్కల మధ్యనించి వచ్చి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"సాలొంగో, ఈ లువాని మీకూ మాకూ మధ్య హద్దా?" అని అడిగాను.

ఆయన మొక్కని చూశాడు. నన్ను చూడలేదు.

"నీ యంత్రం ఏమంటోంది, ఇంజనీరమ్మా?"

"యంత్రం మనుషులు చెప్పింది కొలుస్తుంది. మీరు చెప్పాలి."

"నేను చెప్పేదేముంది? నిలబడి ఉంది గదా. మీకు ఎట్లా తోస్తే అట్లా రాసుకోండి."

అవును అనలేదు, కాదు అనలేదు. అబద్ధం చెప్పే మనిషి దాన్ని తన నోటితోనే చెప్తాడు. ఈయన దాన్ని నా నోట చెప్పించాలని చూస్తున్నాడనిపించింది.

కాగితంలో తరవాతి ప్రశ్న చదివాను. "ఈ నేలలో చనిపోయిన వారి సమాధులు ఏమైనా ఉన్నాయా?"

"లేవు," అన్నాడు వెంటనే. "ఇక్కడ చచ్చినవాళ్ళెవరూ లేరు."

ఆ ఒక్క ప్రశ్నకే జవాబు అంత గట్టిగా వచ్చింది. నేను "లేవు" అని రాశాను. ఒచెన్ హద్దు కొయ్య దిగ్గొట్టమని పనివాడికి సైగ చేశాడు. పనివాడు మొక్క మొదట్లో కొయ్య ఆనించి సుత్తి ఎత్తాడు. సాలొంగో కదిలిన తీరు నేను మర్చిపోలేను. అరవై దాటిన మనిషి, ఒక్క అంగలో వచ్చి పనివాడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఇక్కడ కాదు, నాయనా. ఓ మూరెడు అవతల కొట్టుకో."

"హద్దు అదే అయితే అక్కడే కొట్టాలి గదా?" అన్నాను నేను.

"వేళ్ళు తెగుతాయి," అన్నాడు.

లువాని వేళ్ళు తెగినా ఏమీ కాదు. అది మా పేటలో పసిపిల్లకి కూడా తెలుసు.

ఆ సాయంత్రం అమ్మ ఉడికిన అరటికాయ ముద్దని ఆకులోంచి విప్పుతుంటే అడిగాను. "ఆ మొక్క ఎప్పుడు నాటారమ్మా?"

"ఏ మొక్క?"

"ఏ మొక్కో నీకు తెలుసు."

"పల్లీ పులుసు చల్లారిపోతోంది, తిను."

"అది హద్దని రాస్తే మూల పోతుంది. మూల పోతే నువ్వు పోవాలి. సంతకాలు శుక్రవారం."

అమ్మ ముద్దలో వేలితో గుంట చేసి పులుసు పోసుకుంది. "ఆ మొక్క జోలికి పోకు నబ్బోసా. మూల సంగతి మాట అయిపోయింది."

"ఎవరితో? ఏం మాట?"

"పెద్దవాళ్ళ మాట."

పులుసు గిన్నె నా వైపు జరిపింది. ఆ రాత్రి పడుకున్నాను గానీ అనుమానం పడుకోలేదు. మొదటి రోడ్డు వేసిన ఏడాది ఒక తెల్లవారుజాము గుర్తుకొచ్చింది. నాకు పదకొండేళ్ళు. నాన్న మోచేతుల దాకా మట్టితో వచ్చాడు. అమ్మ నన్ను గుమ్మం దాటనివ్వలేదు. తలుపు సందులోంచి చూస్తే బయట సాలొంగో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ చేతులు కడుక్కున్నారు, ఒక మాటయినా అనుకోలేదు. నేను సర్వే చదివినదాన్ని. నేలమీద ఇద్దరు మగవాళ్ళు చాటుగా మట్టి తవ్వితే దానికి నాకు తెలిసిన అర్థం ఒక్కటే: హద్దు జరిపారు. నాన్నకి ఏదో అవసరం వచ్చింది, ఆరడుగులు ఇచ్చేశాడు. అమ్మ అది దాస్తోంది. ఇక సాలొంగో ఆ గుర్తుని కాపలా కాస్తున్నాడు.

మర్నాడు పనికి పోయే ముందు వెళ్ళి ఆ మొక్కని దగ్గరగా చూశాను. చుట్టూ జానెడు మేర గడ్డిపోచ లేదు. మట్టి చేత్తో సాపు చేసినట్టుంది. మొదట్లో నాలుగు కాఫీ గింజలు, ఇంకా తాజాగా. కొత్తగా పాతిన మొక్కకి చేసే సేవలాగే అనిపించింది. ఈమధ్యనే మళ్ళీ జరిపాడేమో. ఫోనుతో నాలుగు ఫోటోలు తీశాను. తీస్తుంటే వెనకనించి దగ్గు వినబడింది.

సాలొంగో. చేతిలో నీళ్ళ చెంబు.

"ఫోటోకి నన్ను కూడా నిలబడమంటావా?" అన్నాడు.

"అవసరమైతే శుక్రవారం నిలబడుదురు గాని," అన్నాను. పెద్దవాడితో అట్లా మాట్లాడటం అదే మొదలు. మోకాళ్ళ మీద కూర్చోలేదు కూడా.

ఆయన కోప్పడలేదు. "మీ నాన్న ఉంటే బావుండేది," అని, నేను కదిలేదాకా నీళ్ళు పోయకుండా అట్లాగే నిలబడ్డాడు.

గురువారం మధ్యాహ్నం ఒచెన్‌కి ఫోటోలు చూపించాను, నకాటో పెనం దగ్గర. కావాలనే అక్కడ చూపించాను. వాళ్ళ నాన్నకి కబురు అందాలని.

"చూడండి సార్, మట్టి కొత్తగా ఉంది. ఇది మొదట్నించీ ఉన్నది కాదు. హద్దు జరిపారు."

నకాటో గుడ్డు కొట్టి ఉల్లిపాయ ముక్కలు వేసింది. "ఏమే సర్కారమ్మా, మా నాన్న దొంగ అని ఫోనులో వచ్చిందా?"

"నేను దొంగ అనలేదు."

"అనకుండా అన్నావు. చదువుకున్నవాళ్ళకి అదొక సుఖం, దేనికీ సాక్ష్యం మిగల్చరు. నీ చపాతీలో ఉప్పు తక్కువేస్తా, ఎవడికి చెప్పుకుంటావో చెప్పుకో."

పక్కనున్న బోడా కుర్రాళ్ళు నవ్వారు. ఒచెన్ నవ్వలేదు. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి కాఫీ గింజల్ని చూస్తున్నాడు. తరవాత తలెత్తి ఆమెని అడిగాడు, చాలా మామూలుగా.

"నీ పేరు నకాటో కదూ. అంటే రెండో దానివి. మొదట పుట్టిన బబిరియే ఏదీ?"

నకాటో చేతిలో అట్లకాడ ఆగిపోయింది. గుడ్డు అంచులు మాడటం మొదలైంది.

నేను ఆ పేటలో ఇరవై నాలుగేళ్ళుగా ఉన్నాను. నకాటోతో బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నాను. కవల ఆడపిల్లల్లో పెద్దది ఎప్పుడూ బబిరియే, చిన్నది ఎప్పుడూ నకాటో. ఆ సంగతి మా దేశంలో అందరికీ తెలుసు. మరి బబిరియే ఏది అని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నకాటో అనేది నాకు ఒట్టి పేరు. సాలొంగో కూడా ఒట్టి పిలుపే. రోజూ పలికే మాటలో ఒక మనిషి లేదని గమనించలేదు.

"ఎగిరిపోయింది," అంది నకాటో. "రెండు నెలలప్పుడు."

"నేనూ కవలల్లో రెండోవాణ్ణే," అన్నాడు ఒచెన్. "మా వైపు ఆ పేరుకి అర్థం అదే. అందుకే నాకు మొదటివాళ్ళ గురించి అడగడం అలవాటు." ఫోను నా చేతికి ఇచ్చేశాడు. "నీ ఫోటోల్లో ఉన్నది కొత్త మట్టి కాదు, నబ్బోసా. ఎవరో రోజూ చేత్తో నిమిరే మట్టి, ఎవరికో పెట్టిన గింజలు."

నకాటో మాడిన అట్టు తీసి అవతల పారేసింది. కొత్త గుడ్డు కొట్టింది. దానికి ఉప్పు సరిగ్గానే వేసింది.

మాలో కవల బిడ్డకి చావు మాట అంటించరు. చచ్చింది అనరు, ఎగిరిపోయింది అంటారు. ఏడవరు కూడా. ఏడిస్తే మిగిలిన బిడ్డ దాని వెంటే పోతుందని భయం. "చనిపోయిన వారి సమాధులు ఉన్నాయా?" అని నేను కాగితం చూసి చదివితే, ఆ తండ్రి ఇంకేం చెప్తాడు? చచ్చినవాళ్ళెవరూ లేరన్నాడు. అబద్ధం చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో చాప అల్లుతోంది. పక్కన కూర్చుని, "బబిరియే మన నేలలో ఉంది కదూ," అన్నాను.

అమ్మ చేతులు ఆగలేదు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఒచెన్ అడిగాడు."

"ఉత్తరాది వాడికి ఉన్న బుద్ధి నా కడుపున పుట్టిన దానికి లేకపోయింది." రెండు వరసలు అల్లాక మొదలుపెట్టింది. ఆ పసిదాన్ని మొదట వాళ్ళ ముందువైపే పెట్టుకున్నారట. రోడ్డు వచ్చినప్పుడు ఆ చోటు తారు కిందకి పోయేలా ఉంది. ఊరంతటికీ చెప్పి తవ్వితే అది ఏడుపు అవుతుంది. సాలొంగో నాన్న దగ్గరికి వచ్చాడు. తన ముందంతా మిషన్లు తిరుగుతున్నాయి, మన అరటి తోట చాటుగా ఉంది. "మీ నాన్న ఒక్క మాట కూడా అడగలేదు. పార తీసుకుని లేచాడు. మా వైపు ఎవరూ తొక్కరు, ఉండనీ అన్నాడు."

"మరి హద్దంటే ఆయన ఎందుకు ఊరుకుంటున్నాడు?"

"హద్దు మొక్క అయితే అది ఇంకేమిటని ఎవరూ అడగరు. తన వైపు పడితే ఎవరికీ తెలియకుండా తెల్లారకముందే ఆ పసిదాన్ని తనే జరుపుకుంటాడు. మూల ఎప్పటికీ నీదే అన్నాడు నాతో. కట్టుకో, నిన్నెవరు కదలమంటారన్నాడు. అదీ మాట."

"అమ్మా, ఆయన మాట కంపెనీకి తెలియదు. కాగితం మీద మూల నీది కాకపోతే నీకు మిగిలింది చాలదు. వాళ్ళు నిన్ను పంపేస్తారు. ఆయన ఉండమన్నా నువ్వుండలేవు."

చాప మీద అమ్మ చెయ్యి అప్పుడు ఆగింది. ఇద్దరు పెద్దవాళ్ళూ ఏళ్ళ తరబడి దాచిన మాట ఇప్పుడు అమ్మనే గెంటేస్తుందని వాళ్ళకి తోచలేదు.

"అయితే ఆయనకి చెప్పు," అంది. "కానీ ఆ మాట నువ్వు రాయకు, నేను చెప్పను. అది ఆయన నోట రావాలి. రాకపోతే మసాకా పోతాను. కప్పలకి చాపలమ్ముకుంటాను."

చీకటి పడకముందే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఈసారి బూట్లు విప్పి వెళ్ళాను. మోకాళ్ళ మీద కూర్చుని కంపెనీ నియమం ఒక్కటే చెప్పాను. మూల కాగితం మీద ఎవరిదైతే వాళ్ళే ఉంటారు, ఇంకో దారి లేదన్నాను. బబిరియే మాట ఎత్తలేదు. ఆయన విన్నాడు. "వెళ్ళు, మంచు పడుతోంది," అన్నాడు. అంతే. ఆ రాత్రి నా అనుమానం మళ్ళీ మొదటికొచ్చింది. ఊరుకుంటే మూల ఆయనకే కదా. మంచివాడికైనా ఊరికే వచ్చే నేల చేదా?

శుక్రవారం చెయిర్మన్ ఇంటి ముందు బల్ల వేశారు. పేటలో సగం మంది వచ్చారు. నేను మా అమ్మకి ఎంత రాసుకుంటానో చూడాలని వచ్చినవాళ్ళే ఎక్కువ. చెయిర్మన్ కాగితం ఎత్తి చదివాడు. "ముందువైపు గుర్తు, లువాని మొక్క. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి."

సాలొంగో లేచాడు. బట్టలు ఉతికినవి తొడుక్కున్నాడు. నకాటో పక్కన నిలబడింది. పెనం మూసేసి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"అది హద్దు కాదు," అన్నాడు.

"మరేమిటయ్యా?" అన్నాడు చెయిర్మన్. నా వైపు ఓ చూపు చూశాడు. ఆయన లెక్కలో నేను ముసలాయన్ని బెదిరించాను. "ఎవరైనా ఏమైనా అన్నారా నిన్ను?"

"ఎవరూ ఏమీ అనలేదు. హద్దు దానికి ఆరడుగులు ఇవతల, మా వైపు. ఆ మూల మొదట్నించీ వీళ్ళది." ఆగాడు. నకాటో భుజం మీద చెయ్యి వేశాడు. "నకాటో ముందు ఒకామె వచ్చింది. ఎగిరిపోయింది. ఈ నబ్బోసా తండ్రి ఆమెకి తన నేలలో చోటిచ్చాడు. ఆ మొక్క ఆమె తల దగ్గరది."

ఎవరూ ఏడవలేదు. అది తప్పని అందరికీ తెలుసు. చెయిర్మన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనకనించి ఎవరో ముసలామె చిన్నగా చప్పట్లు కొట్టి, "కవలల తండ్రీ, మంచి పని చేశావు," అంది. కవలల ఎదుట అట్లా పలకరించడం పాత పద్ధతి.

నేను కాగితం ముందుకి లాక్కున్నాను. "సమాధులు" అన్న చోట "లేవు" కొట్టేసి "ఒకటి" అని రాశాను. పక్కన చనిపోయిన తేదీ అడుగుతోంది. కలం ఆగింది. కంపెనీ కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలితే వెనక్కి పంపుతారు.

ఒచెన్ నా భుజం మీదుగా చూశాడు. "చనిపోయిన అన్న మాట కొట్టెయ్. ఎగిరిన తేదీ అని రాయి. కింద నేను సంతకం పెడతా. అడిగితే నాకు ఫోను చెయ్యమను."

రాశాను. తేదీ సాలొంగోకి గుర్తుంది. వారం కూడా చెప్పాడు, నేను అడగకుండానే.

హద్దు మారింది, మూల అమ్మ పేరున పడింది, మిగిలిన నేల చాలిందని రాసి చెయిర్మన్ ముద్ర కొట్టాడు. సాలొంగో తన అసలు పేరు సంతకం చేశాడు: ఎరాయో కయొంగా. ముద్ర కొట్టాక చెయిర్మన్ నాతో, "నువ్వు మీ అమ్మకి రాసుకున్నావని రేపు ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు," అన్నాడు. మొన్న కంచే చేను మేస్తోందన్నది ఆయనే. ఆ సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు, నేనూ గుర్తుచెయ్యలేదు.

రోడ్డు పక్క కాలువ గీత సరిగ్గా ఆ మొక్క మీదుగా పోతోంది. కాబట్టి మిషను రాకముందే ఆమెని జరపాలి. ఎక్కడికి అని సాలొంగో అమ్మని అడగలేదు. అమ్మే మూల చూపించింది, కొత్త ఇంటి గోడ లేచే చోటుకి నాలుగడుగుల పక్కన.

"నీ వైపు పెట్టుకుంటావా?" అని ఒక్క మాట అడిగింది.

"ఆమెకి ఇక్కడ అలవాటైంది," అన్నాడాయన.

ఈసారి పార నేను పట్టుకున్నాను. పని అయ్యాక ఆయన పాత మొక్కలోంచి మోచెయ్యంత కొమ్మ విరిచి, కొత్త మట్టిలో గుచ్చి, చేత్తో చుట్టూ సాపు చేశాడు. ఆయన లేచాక చేతులు కడుక్కోడానికి నేను నీళ్ళు పోశాను. కంపెనీ నక్షాలో నేను దాన్ని చిన్న చుక్కగా గుర్తు పెట్టాను. పక్కన హద్దు అని రాయలేదు.